పియానో రచనలో కష్టం ఎక్కడ ఉంటుంది?

"ప్రపంచంలోనే అతి కష్టమైన పియానో పీస్" అనే పేరుతో యూట్యూబ్‌లో కనిపించే వీడియోలు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. వేళ్లు కంటికి ఆనవు, చేతులు ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెడతాయి, చివర్లో చప్పట్లు. పిల్లల్ని పియానో క్లాసులకు పంపే తల్లిదండ్రులు ఇదే సంగతిని మరోలా అడుగుతారు: "ఈ పీస్ ఏ గ్రేడుకు వస్తుంది?" వేగం చూసి కష్టాన్ని కొలవచ్చనీ, ఒక్క అంకెతో చెప్పేయవచ్చనీ ఈ రెండు చోట్లా ఒక నమ్మకం ఉంది. నిజానికి పాశ్చాత్య శాస్త్రీయ పియానోలో కష్టం చాలా రకాలు. ఒక రకంలో ఆరితేరినవారు ఇంకో రకం దగ్గర ఆగిపోవచ్చు. కంటికి కనిపించే కష్టం కంటే చెవికి మాత్రమే తెలిసే కష్టమే చాలాసార్లు పెద్దది.

ముందు రెండు మూడు ప్రాథమిక సంగతులు. మామూలు పియానోలో 88 మీటలుంటాయి, 52 తెల్లవి, 36 నల్లవి. ఒక స నుంచి పై స వరకు ఉన్న దూరాన్ని ఆక్టేవ్ అంటారు. ఇప్పటి పియానోలో అది సుమారు 16.5 సెంటీమీటర్లు. మీట నొక్కితే లోపల ఒక చిన్న సుత్తి వెళ్లి తీగను కొట్టి వెనక్కి వస్తుంది. మీట ఎంత వేగంగా కిందికి దిగితే మోత అంత పెద్దగా ఉంటుంది. తీగను కొట్టిన క్షణం నుంచే ఆ నాదం తగ్గిపోవడం మొదలవుతుంది. వయొలిన్ కమానుతో చేసినట్టు, గొంతుతో చేసినట్టు మోగుతున్న స్వరాన్ని మధ్యలో పెంచడం పియానోపై సాధ్యం కాదు. కింద చెప్పబోయే చాలా ఇబ్బందులకు మూలం ఇక్కడే ఉంది.

## వేగం: ఎంతవరకు నిజమైన కష్టం?

పోలండ్ స్వరకర్త షోపాన్ రాసిన ఎట్యూడ్లు, అంటే ఒక్కో రకం సాధన కోసం రాసిన రచనలు, రెండు సంపుటాలుగా వచ్చాయి. ఓపస్ 10 అనే మొదటి సంపుటం 1833లో, ఓపస్ 25 అనే రెండోది 1837లో అచ్చయ్యాయి. మొదటి సంపుటంలోని మొదటి ఎట్యూడ్‌కు వేగం నిమిషానికి 176 బీట్లు. ఒక్కో బీట్‌లో కుడిచేయి నాలుగు స్వరాలు వాయించాలి. 176ను నాలుగుతో గుణిస్తే నిమిషానికి 704, అంటే సెకనుకు సుమారు 11.7 స్వరాలు. అది దాదాపు రెండు నిమిషాలు ఆగకుండా సాగాలి.

కానీ వేగమే కష్టానికి కొలత అయితే గ్లిస్సాండో అన్నిటికన్నా కష్టంగా ఉండాలి. గోరును తెల్ల మీటల మీద ఒక్కసారి అలా లాగితే క్షణంలో ముప్పై నలభై స్వరాలు మోగుతాయి. కాసేపు చూపిస్తే చిన్న పిల్లలు కూడా చేస్తారు. ఎందుకంటే అక్కడ ఒక్కో స్వరానికీ విడిగా నిర్ణయం ఉండదు. పై ఎట్యూడ్‌లో ప్రతి స్వరానికీ వేలు వేరు, దూరం వేరు. నాలుగు స్వరాల్లోనే చేయి ఆక్టేవ్ దాటి విచ్చుకుని, వెంటనే ముడుచుకుని పై స్థాయికి జరగాలి. ఇలా తెరుచుకుని మూసుకునే చేతిని బిగుసుకుపోకుండా ఉంచడమే అసలు పరీక్ష. సెకనుకు పన్నెండు స్వరాలు ఆ పరీక్షను ఇంకా కఠినం చేస్తాయంతే.

## వేళ్ల నిర్మాణానికి ఎదురు వెళ్లే రచనలు

మన ఉంగరపువేలు స్వతంత్రంగా లేవదు. దాన్ని పైకెత్తే స్నాయువు చేతి వెనుక భాగంలో పక్కవేళ్ల స్నాయువులతో చిన్న పట్టీల ద్వారా కలిసి ఉంటుంది. ఎంత సాధన చేసినా ఆ పట్టీలు తెగవు. వేళ్లు వాటితోనే పనిచేయడం నేర్చుకోవాలి.

షోపాన్ ఓపస్ 10 రెండో ఎట్యూడ్ సరిగ్గా ఈ బలహీనత మీదే కట్టింది. కుడిచేతిలోని మధ్యవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు, ఈ మూడే తెల్ల నల్ల మీటలన్నీ వరుసగా తాకుతూ పైకీ కిందికీ పరుగెత్తాలి. అదే సమయంలో అదే చేతి బొటనవేలు, చూపుడువేలు కింద చిన్న కార్డులు, అంటే కలిసి మోగే స్వరాల గుంపులు, తేలిగ్గా మీటుతుండాలి. మామూలుగా స్కేల్, అంటే స్వరాలను మెట్లలా వరుసగా, వాయించేటప్పుడు బొటనవేలు కిందినుంచి దాటి చేతిని ముందుకు తీసుకెళ్తుంది. ఇక్కడ ఆ సాయం లేదు కాబట్టి వేళ్లు ఒకదానిపై ఒకటి దాటాలి. వినేవారికి ఇది మృదువుగా, దాదాపు సులువుగా అనిపిస్తుంది. పియానో వాయించేవారిని అడిగితే చాలామంది సంపుటంలో ముందు దీని పేరే చెబుతారు.

కాగితం మీద సులువుగా కనిపించేది చేతికి కష్టం కావడం కూడా షోపాన్ గమనించిన విషయమే. సి మేజర్ స్కేల్‌లో అన్నీ తెల్ల మీటలే, చదవడానికి అంతకన్నా సులువైనది లేదు. అయినా ఆయన తన శిష్యులకు ముందు ఐదు నల్ల మీటలున్న బి మేజర్ నేర్పేవాడు. పొడవైన వేళ్లు ఎత్తైన నల్ల మీటలపైన, పొట్టి బొటనవేలు తెల్ల మీటలపైన సహజంగా కూర్చుంటాయి. సి మేజర్‌లో పొడవూ పొట్టీ వేళ్లన్నీ ఒకే మట్టం మీద సర్దుకోవాలి. షార్పులు, ఫ్లాట్లు (స్వరాన్ని అర మెట్టు పైకీ కిందికీ జరిపే గుర్తులు) ఎక్కువున్నాయి కాబట్టి రచన కష్టమని చెప్పే మాట సగమే నిజం. చదవడం కష్టం కావచ్చు, వాయించడం హాయిగా ఉండవచ్చు.

## ఒకే చేతిలో రెండు గొంతులు

నా దృష్టిలో పియానోకు సంబంధించిన లోతైన కష్టం ఇదే. వీడియోల్లో మాత్రం దాదాపు కనిపించదు.

జర్మన్ స్వరకర్త బాఖ్ 1722లో పూర్తిచేసిన వెల్ టెంపర్డ్ క్లావియర్ అనే సంపుటం మొదటి భాగం తెరిస్తే మొదట సి మేజర్ ప్రెల్యూడ్, అంటే ముందు వచ్చే చిన్న రచన, ఉంటుంది. 35 బార్ల (తాళంలో ఆవర్తనాల్లాంటి భాగాల) రచన, దాదాపు చివరి వరకు ఒకే నమూనా, ఒక్కో కార్డును విడివిడి స్వరాలుగా విప్పుతూ పోతుంది. రెండు మూడేళ్లు నేర్చుకున్నవారు చక్కగా వాయిస్తారు. పేజీ తిప్పితే అదే సి మేజర్‌లో ఫ్యూగ్ ఉంటుంది. అది 27 బార్లే, వేగమూ ఎక్కువేం కాదు. కానీ కష్టంలో రెండింటికీ పోలికే లేదు.

ఫ్యూగ్ అంటే ఒక చిన్న రాగఖండాన్ని ఒక గొంతు మొదలుపెడితే, మిగతా గొంతులు ఒకదాని తర్వాత ఒకటి అదే అందుకుని, కలిసి అల్లుకుంటూ సాగే నిర్మాణం. ఈ ఫ్యూగ్‌లో నాలుగు గొంతులు. వాయించేది రెండు చేతులు. అంటే కుడిచేతి చిటికెనవేలు పై గొంతును పాడుతుంటే, అదే చేతి బొటనవేలు రెండో గొంతును నడపాలి. మధ్య గొంతు ఒక్కోసారి కుడిచేతి నుంచి ఎడమచేతికి మారుతుంది. వినేవారికి ఆ మార్పిడి తెలియకూడదు. ఒక స్వరం పట్టి ఉంచాలి, అదే వేలు ఇంకో చోటికి వెళ్లాలి అన్న పరిస్థితి వస్తే, మీటను వదలకుండానే దాని మీద వేలు మార్చాలి. నాలుగు గొంతుల్లో ఎవరు ముఖ్యమో క్షణక్షణానికీ మారుతుంది. ఇదే సంపుటంలో సి షార్ప్ మైనర్, బి ఫ్లాట్ మైనర్ ఫ్యూగ్‌లలో అయిదేసి గొంతులున్నాయి.

ఇదే సమస్య షోపాన్‌లో వేరే రూపం తీసుకుంటుంది. ఓపస్ 10 మూడో ఎట్యూడ్ నెమ్మదిగా మొదలవుతుంది. పాట కుడిచేతి పైవేళ్లలో, దానికి తోడు నడిచే చిన్న స్వరాలు అదే చేతి కిందివేళ్లలో ఉంటాయి. పాట బయటికి వినిపించాలి, తోడు స్వరాలు వెనక ఉండాలి. సహజంగా బలమైన బొటనవేలు మెత్తగా, బలహీనమైన చిటికెనవేలు బలంగా పలకాలన్నమాట. అంటే ఒకే చేతిలో, ఒకే క్షణంలో ఒక మీట వేగంగా దిగాలి, పక్క మీట నెమ్మదిగా దిగాలి.

దీనికి తోడు నాదం తరిగిపోయే సమస్య. పాటలో ఒక దీర్ఘ స్వరం మోగుతూ తగ్గిపోతుంటే, తర్వాతి స్వరాన్ని మామూలు బలంతో కొడితే అది అతకదు, కొత్తగా ఎవరో మాట్లాడినట్టు వినిపిస్తుంది. ముందు స్వరం ఎంతకు తగ్గిందో విని, తర్వాతిదాన్ని ఆ మట్టం దగ్గరే అందుకోవాలి. నెమ్మదైన రచనల్లో స్వరాల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి ఈ సమస్యా ఎక్కువ. వేగంగా వాయించలేని విద్యార్థికి "అయితే స్లో పీస్ తీసుకో" అని చెప్పడం మంచి సలహాలా కనిపిస్తుంది. కానీ అప్పుడు వేళ్ల మీది భారం తగ్గి చెవి మీద పడుతుంది.

## నాలుగుకు మూడు

షోపాన్ 1834లో రాసి, ఆయన పోయాక 1855లో అచ్చయిన ఫాంతాసీ ఎంప్రోంప్ట్యూలో కుడిచేయి నాలుగు స్వరాలు వాయించే సమయంలో ఎడమచేయి మూడు వాయించాలి. కర్ణాటక సంగీతం తెలిసినవారికి దీన్ని చెప్పడం తేలిక. కుడిచేయి చతురశ్ర నడకలో తకధిమి అంటుంటే, ఎడమచేయి అదే వ్యవధిలో తిశ్ర నడకలో తకిట అంటుంది.

ఆ వ్యవధిని పన్నెండు సమాన భాగాలు చేద్దాం. కుడిచేతి స్వరాలు 1, 4, 7, 10 స్థానాల్లో పడతాయి. ఎడమచేతివి 1, 5, 9లో పడతాయి. రెండూ కలిసేది మొదటి స్థానంలోనే. తర్వాత 4, 5, 7, 9, 10 వరుసలో ఒక్కో చేయి విడివిడిగా పలకాలి. నెమ్మదిగా ఉన్నప్పుడు ఈ లెక్క పెట్టుకుని వాయించవచ్చు. అసలు వేగంలో లెక్కకు టైమ్ ఉండదు. రెండు చేతులూ రెండు అలవాట్లుగా స్థిరపడి, మొదటి స్థానంలో మాత్రం ఒకరికొకరు కనబడాలి. చేత్తో ఆదితాళం వేస్తూ తిశ్రంలో పాడటం నేర్చుకున్న పిల్లలకు ఇక్కడ కొంత మేలు ఉంటుంది. రెండు నడకలను ఒకే శరీరంలో మోయడం వారికి కొత్త కాదు.

## దూకులు, బీథోవెన్ 138

కళ్లకు బాగా కనిపించే ఇంకో కష్టం దూకు. హంగరీ స్వరకర్త లిస్ట్ 1851లో తుదిరూపం ఇచ్చిన లా కాంపనెల్లా అనే రచనలో కుడిచేయి చిన్న చిన్న స్వరాల మధ్య రెండు ఆక్టేవ్‌ల దూరం, అంటే సుమారు 33 సెంటీమీటర్లు, ఎగిరి ఒక్క మీటపై వాలి వెనక్కి రావాలి. మీట వెడల్పు రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. నల్ల మీటలైతే ఇంకా సన్నం.

బీథోవెన్ 1818లో పూర్తిచేసిన హామర్‌క్లావియర్ సొనాటా (సొనాటా అంటే కొన్ని భాగాలుగా సాగే పెద్ద వాద్య రచన), ఓపస్ 106, దూకుతోనే మొదలవుతుంది. ఎడమచేయి అడుగున ఒక్క స్వరం కొట్టి వెంటనే పైకెగిరి కార్డు పట్టుకోవాలి. దాన్ని రెండు చేతులకూ పంచుకుని సురక్షితంగా వాయించేవారున్నారు. వినేవారికి స్వరాలు అవే అందుతాయి కదా అన్నది వారి మాట. అలా చేస్తే ఆ ఆరంభంలోని తెగింపే పోతుంది, ప్రమాదం కూడా సంగీతంలో భాగమే అని రెండో పక్షం అంటుంది. నాకు రెండో మాట నచ్చుతుంది. కానీ వేదికపై మొదటి క్షణంలోనే తప్పు స్వరం పడితే మిగతా నలభై నిమిషాలు ఆ టెన్షన్ మోయాల్సింది వాయించేవారే కాబట్టి, మొదటి పక్షాన్ని తప్పుపట్టలేను.

ఇదే సొనాటాలో ఇంకో పెద్ద తగాదా ఉంది. మెల్ట్సెల్ తయారుచేసిన మెట్రోనోమ్‌కు, అంటే టిక్ టిక్‌మంటూ వేగాన్ని చూపే పరికరానికి, 1815లో పేటెంట్ వచ్చింది. బీథోవెన్ తన 32 పియానో సొనాటాల్లో దీనికి ఒక్కదానికే మెట్రోనోమ్ అంకెలు ఇచ్చాడు. మొదటి భాగానికి నిమిషానికి 138 అర స్వరాలు (పూర్తి స్వరంలో సగం నిడివి ఉన్నవి). ఆ వేగంలో వాయించడం దాదాపు అసాధ్యమనిపిస్తుంది, చాలామంది బాగా తగ్గించే వాయిస్తారు. చెవుడు ముదిరిన బీథోవెన్ మనసులో విన్న వేగాన్ని రాసుకున్నాడనీ, లేదా ఆ పరికరంలోనే లోపం ఉందనీ ఒక వాదన. ఆనాటి వియన్నా పియానోల మీటలు తేలిక, కిందికి దిగే లోతు తక్కువ, కాబట్టి ఆ వేగం ఇప్పటంత దూరంగా ఉండేది కాదనేది మరో వాదన. 1930లలో పియానిస్టు ఆర్టుర్ ష్నాబెల్ ఆ అంకెకు దగ్గరగా వెళ్లి రికార్డు చేశాడు. కొన్ని చోట్ల స్వరాలు చెదిరాయి కానీ రచన స్వభావం మారిపోయి వినిపిస్తుంది. ఒకే కాగితం మీది స్వరాలు, వేగం ఎంచుకున్నదాన్ని బట్టి, చాలా కష్టమైన రచన కావచ్చు, దాదాపు వీలుకానిదీ కావచ్చు.

## అలసట

దీనికి ఒక్క ఉదాహరణ చాలు. షూబర్ట్ 1815లో రాసిన ఎర్ల్‌కోనిగ్ పాట నాలుగు నిమిషాలదే. గాయకుడి వెనక పియానో కుడిచేయి దాదాపు మొదటి నుంచి చివరి దాకా ఒకే ఆక్టేవ్‌ను మూడేసి మూడేసి దెబ్బలుగా కొడుతూ ఉండాలి, అది పాటలో పరుగెత్తే గుర్రపు డెక్కల చప్పుడు. మొదటి పేజీ చాలామందికి వస్తుంది. మూడో పేజీలో మణికట్టు పట్టేస్తుంది. షూబర్ట్ స్వయంగా ఆ మూడు దెబ్బలను రెండుగా తగ్గించి రాసిన పాఠం కూడా ఉంది.

## చేయి కొలత, వాద్యం కొలత

రష్యా స్వరకర్త రాఖ్మానినోవ్ రెండో పియానో కన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) మొదట్లో గంటల్లా మోగే కార్డులున్నాయి. అందులో ఎడమచేయి ఆక్టేవ్ దాటి పదో స్వరం వరకు చాపాలి. తెల్ల మీటల లెక్కలో మధ్య నుంచి మధ్యకు సుమారు 21 సెంటీమీటర్లు. రాఖ్మానినోవ్ చేతులు చాలా పెద్దవి, ఆయనకది మామూలే. అందనివారు కింది స్వరాన్ని ముందు కొట్టి మిగతావి తర్వాత అందుకుంటారు. అప్పుడు ఒకేసారి మోగాల్సిన గంట విరిగి మోగుతుంది. ఆయనే తన మూడో కన్చెర్టోను, 1909 నాటిది, పియానిస్టు జోసెఫ్ హాఫ్‌మన్‌కు అంకితమిచ్చాడు. హాఫ్‌మన్ దాన్ని ఎప్పుడూ కచేరీలో వాయించలేదు. చిన్న చేతులున్న ఆయన కోసం స్టైన్‌వే సంస్థ కొంచెం సన్నని మీటలతో పియానోలు తయారుచేసింది.

ఈ మధ్య కాలంలో ఆక్టేవ్ 15.2, 14.1 సెంటీమీటర్లకు తగ్గించిన మీటల వరుసలు కూడా వస్తున్నాయి. ఇప్పటి కొలత పెద్ద చేతులకు, అంటే ఎక్కువగా మగవారి చేతులకు, అనుకూలమనీ, చిన్న చేతులవారు అనవసరంగా కండరాల నొప్పులు పడుతున్నారనీ వీటిని కోరేవారు చెబుతారు. ఎదుటివారి వాదనా తేలికైనది కాదు. స్పెయిన్‌కు చెందిన పియానిస్టు అలీసియా దె లారోచా పొట్టి మనిషి, చేతులు చిన్నవి, అయినా మామూలు పియానోపైనే అత్యంత కఠినమైన రచనలు వాయించింది. పైగా పియానిస్టు తన వాద్యాన్ని వెంట తీసుకెళ్లలేడు, ఏ ఊళ్లో ఏ పియానో ఉంటే దాని మీదే వాయించాలి. నా మటుకు, ఒక ప్రతిభావంతురాలు అడ్డంకిని దాటిందంటే అడ్డంకి లేదని అర్థం చేసుకోకూడదు అనిపిస్తుంది.

వాద్యం మారినా కష్టం మారుతుంది. బాఖ్ 1741లో అచ్చువేసిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్లలో కొన్నింటిని రెండు వరుసల మీటలున్న హార్ప్సికార్డ్ (పియానోకు ముందటి మీటల వాద్యం) కోసమని ఆయనే రాశాడు. అక్కడ కుడిచేయి పై వరుసలో, ఎడమచేయి కింది వరుసలో స్వేచ్ఛగా తిరుగుతాయి. ఒకే వరుస ఉన్న పియానోలో అవే స్వరాలు వాయిస్తే చేతులు ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి. బాఖ్ ఊహించని కష్టం అది. గోడకు ఆనించే అప్‌రైట్ పియానోకూ, గ్రాండ్‌కూ మధ్య కూడా తేడా ఉంది. సెబాస్టియన్ ఎరార్ 1821లో పేటెంట్ పొందిన యంత్రాంగం వల్ల గ్రాండ్‌లో మీట పూర్తిగా పైకి రాకముందే మళ్లీ కొట్టవచ్చు. అప్‌రైట్‌లలో మామూలుగా అది ఉండదు. అందుకే ఒకే స్వరాన్ని చకచకా మోగించే రచనలు అప్‌రైట్‌పై మొరాయిస్తాయి.

మన ఊళ్లలో ఈ తేడా ఇంకా ముందే మొదలవుతుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చాలామంది పిల్లలు ఇంట్లో 61 మీటల ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద సాధన చేస్తారు. వాటి మీటలకు బరువుండదు. ఆ వేళ్లు మొదటిసారి నిజమైన పియానో మీద పడితే, వచ్చిన పీసే రానిదవుతుంది. బరువు లేని మీటపై చిటికెనవేలుకు బలం రాదు. పిల్లవాడు సాధన చేయలేదని అనేముందు అతని ఇంట్లో ఏ వాద్యం ఉందో అడగడం న్యాయం.

## గ్రేడు అంకె ఏం చెబుతుంది?

మన దగ్గర పిల్లలు రాసే ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎమ్ అనే బ్రిటిష్ సంస్థల సంగీత పరీక్షల్లో ఎనిమిది గ్రేడులుంటాయి, ఆ పైన డిప్లొమాలు. జర్మనీ ప్రచురణ సంస్థ హెన్లె తన పియానో రచనలకు 1 నుంచి 9 వరకు అంకెలు ఇస్తుంది. స్వరాల వేగంతో పాటు నిర్మాణం, లయ, చదవడంలో ఇబ్బంది లాంటివి కూడా లెక్కలోకి తీసుకుంటామని చెబుతుంది. ఇవి పనికొచ్చేవే. రెండో గ్రేడు విద్యార్థి ఎనిమిదో గ్రేడు రచనతో చేతులు పాడుచేసుకోకుండా కాపాడతాయి.

అయితే అంకె మొత్తం రచనకు ఒక్కటే. బీథోవెన్ ఫ్యూర్ ఎలీజె చూడండి. అందరికీ తెలిసిన మొదటి భాగం రెండు చేతులు ఒకరి తర్వాత ఒకరు అందుకునే చిన్న చిన్న అలలు, ఏడాది రెండేళ్ల విద్యార్థులకు అందుతుంది. మధ్యలో కుడిచేయి చిన్న స్వరాలతో పరుగెత్తే భాగం, తర్వాత ఎడమచేయి ఒకే స్వరాన్ని వదలకుండా కొడుతుంటే పైన కార్డులు బిగుసుకునే భాగం వస్తాయి. అక్కడే చాలామంది ఆగిపోతారు. "నాకు ఫ్యూర్ ఎలీజె వచ్చు" అనే ఇద్దరు పూర్తిగా వేర్వేరు సంగతులు చెబుతూ ఉండవచ్చు.

## రచయితే కష్టాన్ని కోరుకుంటే

రష్యా స్వరకర్త బాలకిరెవ్ 1869లో రాసిన ఇస్లామేకు అత్యంత కష్టమైన రచనగా పేరుండేది. దాన్ని మించాలనే ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ 1908లో గస్పార్ ద లా న్యుయి చివరి భాగం స్కార్బోను రాశాడు. లిస్ట్ ఎదురు దిశలో నడిచాడు. ఆయన 1830లలో ప్రచురించిన ఎట్యూడ్ల సంపుటిని వాయించగలవారు లోకంలో పది పన్నెండు మందికి మించరని జర్మన్ స్వరకర్త షూమాన్ రాశాడు. లిస్ట్ వాటినే సరిచేసి 1852లో ట్రాన్సెండెంటల్ ఎట్యూడ్లుగా మళ్లీ అచ్చువేశాడు. చాలాచోట్ల స్వరాలు తగ్గించాడు, అయినా సంగీతం తగ్గలేదు. ఇప్పుడు అందరూ వాయించేది ఆ రెండో రూపమే.

## మరి మొజార్ట్ సంగతి?

మొజార్ట్ 1788లో రాసిన సి మేజర్ సొనాటాను, ఇప్పుడు కె. 545 అనే సంఖ్యతో పిలిచేదాన్ని, తన సొంత జాబితాలో "నేర్చుకునేవారి కోసం" అని రాసుకున్నాడు. ఎడమచేయి విరిచిన కార్డులు, కుడిచేయి ఒక్క గొంతు పాట, కొన్ని స్కేళ్లు. పిల్లలు వాయిస్తారు. పేరున్న పియానిస్టులు దీనికి భయపడతారంటే వినడానికి గొప్పకు చెప్పినట్టు అనిపించవచ్చు. కారణం మాత్రం చాలా భౌతికమైనది. రాఖ్మానినోవ్‌లో పెడల్ (స్వరాలను మోగుతూనే ఉంచేది) తొక్కి ఉండగా పది స్వరాల మధ్య ఒకటి తప్పితే ఆ మోతలో కలిసిపోతుంది. ఇక్కడ ఒక సమయంలో మోగేది రెండు మూడు స్వరాలు, పెడల్ చాలా తక్కువ. స్కేల్‌లో ఉంగరపువేలు పలికిన స్వరం పక్కదానికంటే కాస్త మందమైనా హాల్లో చివరి వరుసకు తెలుస్తుంది.

దీన్ని ఒప్పుకోనివారూ ఉన్నారు. వినిపించే తప్పుకూ వాయించలేకపోవడానికీ తేడా ఉందని వారంటారు. మొజార్ట్‌ను ఓ మోస్తరుగా వాయించేవారు లక్షల్లో ఉంటారు, స్కార్బోను ఓ మోస్తరుగా కూడా వాయించేవారు అతి తక్కువ. ఇది సరైన మాటే. మొదలుపెట్టడానికి ఎంత కావాలి అన్నది ఒక కొలత, బాగా వాయించడానికి ఎంత కావాలి అన్నది మరొకటి. గ్రేడులు కొలిచేది ఎక్కువగా మొదటిదే.

అమెరికాలోని ఫోర్ట్‌వర్త్‌లో జరిగే వాన్ క్లైబర్న్ పోటీ రెండు కొలతలనూ పక్కపక్కనే పెడుతుంది. 2022లో సెమీఫైనల్‌కు చేరినవారు ఒక సోలో కచేరీ ఇవ్వాలి, ఒక మొజార్ట్ కన్చెర్టో కూడా వాయించాలి. దక్షిణ కొరియాకు చెందిన 18 ఏళ్ల యుంచాన్ లిమ్ సోలోలో లిస్ట్ ట్రాన్సెండెంటల్ ఎట్యూడ్లు పన్నెండూ వరుసగా వాయించాడు, మొజార్ట్ నుంచి ఇరవై రెండో కన్చెర్టో ఎంచుకున్నాడు. ఫైనల్‌లో రాఖ్మానినోవ్ మూడో కన్చెర్టో వాయించి ఆ పోటీ గెలిచినవారందరిలోకీ చిన్నవాడయ్యాడు. ఆ మూడు రికార్డింగులూ దొరుకుతాయి. లిస్ట్ విన్న వెంటనే మొజార్ట్ నెమ్మది భాగం పెట్టుకుని, ఒక్కో స్వరం తగ్గుతుండగా తర్వాతిది దాన్ని ఏ మట్టం దగ్గర అందుకుంటోందో వినండి.